క్లిక్ ఒప్పందం

వెబ్‌సైటులోనో మొబైల్ యాప్‌లోనో చూపిన షరతుల కింద “నేను అంగీకరిస్తున్నాను” అన్న మీట నొక్కితే ఏర్పడే ఒప్పందం. భారతదేశంలో దీనికంటూ వేరే చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టమే ఆధారం.

చరిత్ర: రాతపూర్వక అంగీకారం గురించిన ధర్మశాస్త్రం నెల్లూరు సీమ కవుల ద్వారా తెలుగులోకి ముందుగానే వచ్చింది. నెల్లూరు రాజు మనుమసిద్ధి మంత్రి అయిన తిక్కనకు దశకుమార చరిత్రమును అంకితమిచ్చిన కేతన, 13వ శతాబ్దిలో విజ్ఞానేశ్వరీయం రచించాడు. యాజ్ఞవల్క్య స్మృతికి వ్యాఖ్యానమైన మితాక్షర దీనికి మూలం. ఆ స్మృతి ప్రకారం పత్రం రాయడం ముగిశాక అప్పు తీసుకున్నవాడు, తాను ఫలానావాడి కొడుకునని చెప్పుకొని, పైన రాసినదంతా తనకు సమ్మతమేనని అడుగున సొంత చేతితో రాయాలి. సాక్షులు తండ్రి పేర్లతో సహా తమ పేర్లు రాయాలి. ఉభయులూ కోరితేనే రాశానని లేఖకుడు చివర చేర్చాలి. సొంత దస్తూరీతో ఉన్న పత్రం సాక్షులు లేకున్నా చెల్లుతుంది. బలవంతంగానో మోసంతోనో రాయించుకున్నదైతే చెల్లదు.

తరువాతి శతాబ్దాల్లో శాసనాలు, కరారునామాలు నడిచాయి. చదువురానివారు నిశానీ వేసేవారు.

1872 సెప్టెంబరు 1న అమలులోకి వచ్చిన కాంట్రాక్టు చట్టం సాధారణంగా సంతకం కోరదు, స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి కోరుతుంది. ముందే అచ్చువేసిన షరతులు మద్రాసు హైకోర్టులో లిల్లీ వైట్ కేసులో పరీక్షకు వచ్చాయి. లాండ్రీలో కొత్త చీర పోయింది. పోతే వెలలో 15 శాతమే ఇస్తామని రసీదు మీద ఉంది. ఆ షరతు చెల్లదని కోర్టు తేల్చింది.

2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలో తరువాత చేర్చిన సెక్షన్ 10ఎ ప్రకారం, ఎలక్ట్రానిక్ రూపంలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదు. వీలునామాకు ఈ చట్టం వర్తించదు. ట్రైమెక్స్–వేదాంత కేసులో (2010) ఈమెయిళ్లతో కుదిరిన బాక్సైటు సరఫరా ఒప్పందాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. అమెరికాలో నెట్‌స్కేప్ కేసులో (2002) డౌన్‌లోడ్ మీటకు కింద, తెర జరిపితే తప్ప కనిపించని లింకు వెనకున్న షరతులు వాడుకరులను కట్టిపడేయవని తీర్పు వచ్చింది. మన 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి సమ్మతి కిందికి రాదు.

నెల్లూరు తీరంలో: ఇందుకూరుపేటలో రొయ్యల చెరువు గట్టు మీద నిలబడి ఫోనులో ఏరియేటరుకు ఆర్డరు పెట్టే రైతుకు షరతులు ఇంగ్లిషులో, పేజీలకు పేజీలుగా వస్తాయి. చదవలేదన్న సాకు సాధారణంగా నిలవదు. అయితే బతుకుతెరువుకు స్వయం ఉపాధిగా కొన్నవాడూ వినియోగదారుడే కనుక, షరతుల్లో ఏ మహానగరం కోర్టు పేరు రాసి ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తానుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు.