చెక్కకుండా లేచే మర

సైకిల్ చక్రంలోంచి ఒక పుల్ల విప్పి దాని కొసను వేలితో తడిమి చూడండి. మర ఉన్నచోట పుల్ల సన్నబడదు, కాస్త లావెక్కుతుంది. 2 మిల్లీమీటర్ల తీగ మీద ఆ చుట్లు సుమారు 2.2 దాకా ఉబ్బి ఉంటాయి. అక్కడ ఇనుమును ఎవరూ చెక్కలేదు, నొక్కి పైకి లేపారు. మోడల్ హెలికాప్టర్ రెక్కల వాలు మార్చే సన్నటి కడ్డీల మీదా గట్టి మరను ఇలాగే లేపుతారు.

మొదట్లో మర అంటే చెక్కడమే. నట్టు దేనిది దానికే. జత తప్పితే రెండూ దండగ. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్స్‌లీ లేత్ మీద ఒకే తీరు మరలు కచ్చితంగా కోసి చూపాడు. ఆయన దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో దేశమంతటికీ ఒకే కొలత ఉండాలన్నాడు, మర గాడి అంచుల మధ్య 55 డిగ్రీల కోణంతో. 1864లో ఫిలడెల్ఫియాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీలు మేలన్నాడు. 1898లో జ్యూరిచ్‌లో కుదిరిన మెట్రిక్ మర కూడా ఆ 60నే తీసుకుంది. మోడల్ కడ్డీల మీద కనిపించే ‘ఎం2’, అంటే 2 మిల్లీమీటర్ల మర, ఆ వంశానిదే.

నొక్కే పద్ధతి కూడా పాతదే. అమెరికాలో విలియం కీన్ 1836లోనే దానికి పేటెంట్ పొందాడు. కానీ ఆయన డైలు, అంటే మరను తీర్చే అచ్చులు, పోత ఇనుమువి, పెళుసు, పని సాగలేదు. గట్టి ఉక్కు డైలు వచ్చాకే అది నిలదొక్కుకుంది. ఏటవాలు గాళ్లున్న రెండు పలకల మధ్య కడ్డీని పొర్లిస్తారు, అరచేతుల మధ్య దీపం వత్తిని నలిపినట్టు. రజను రాలదు. గాడిలోంచి తప్పుకున్న లోహమే గట్టుగా లేస్తుంది. అందుకే ఎం2 మరకు 2 మిల్లీమీటర్ల కడ్డీ తీసుకోరు, దాదాపు 1.7 ఉన్నది చాలు.

1970లో జర్మనీలో డీటర్ ష్లూటర్ తన రేడియో హెలికాప్టర్‌ను 27 నిమిషాలకు పైగా గాలిలో నిలిపాడు. తర్వాత ఆయన రూపొందించినవి కిట్లుగా అమ్మకానికి వచ్చాయి, ఈ కడ్డీలు అభిరుచి ఉన్నవాళ్ల బల్లల మీదికి చేరాయి. ఇంట్లో వాళ్లకు దొరికేది చేతి డై. నూనె వేసి, అర చుట్టు ముందుకీ పావు చుట్టు వెనక్కీ తిప్పుతూ కోయాలి. కోసిన గాడి అడుగున 2 మిల్లీమీటర్ల కడ్డీ 1.5కి దిగుతుంది, అడ్డుకోతలో 40 శాతానికి పైగా ఉక్కు పోతుంది. రోటర్ అదురుకు పగులు మొదలయ్యేది అక్కడే. నొక్కిన మరలోనూ గాడి అంతే లోతు, కానీ ఉక్కు పోగులు తెగకుండా గాడి వెంటే వంగుతాయి, అడుగు నలిగి గట్టిపడుతుంది.

ఎం2 మర ఒక చుట్టుకు 0.4 మిల్లీమీటర్లు జరుగుతుంది. రెండు రెక్కల్లో ఒకటి ఎత్తుగా తిరుగుతుంటే రోటర్ ఆపి, కడ్డీ కొసనున్న బాల్ లింకును ఊడదీసి అర చుట్టు తిప్పితే చాలు. 0.2 మిల్లీమీటర్ల మార్పుకు రెక్క దారికొస్తుంది. ఒక కొసన కుడి మర, ఇంకో కొసన ఎడమ మర ఉన్న కడ్డీ అయితే లింకును ఊడదీయడమూ అక్కర్లేదు, కడ్డీని నడుమ పట్టి తిప్పితే సరి.