అమెరికా గడియారం మారితే మాదాపూర్ నిద్ర ఏమవుతుంది?



పిల్లలు అమెరికాలో స్థిరపడిన హైదరాబాదు ఇళ్ళలో గోడకు రెండు గడియారాలు ఉండడం ఇప్పుడు వింత కాదు. ఒకటి మన సమయాన్ని చూపుతుంది, రెండవది అక్కడి సమయాన్ని. మా ఇంట్లోనూ అంతే. మొదటిదానికి అప్పుడప్పుడూ బ్యాటరీ మార్చడం తప్ప వేరే పని ఉండదు. రెండవదాన్ని మాత్రం ఏడాదికి రెండుసార్లు గోడ మీద నుంచి దింపి, మార్చిలో ఒక గంట ముందుకు, నవంబరులో ఒక గంట వెనుకకు తిప్పవలసి వస్తుంది. ఒక నవంబరులో ఆ సంగతి మరచి, మా మనుమరాలిని తెల్లవారకముందే ఫోను చేసి నిద్ర లేపాను.

మాకు అది ముల్లు తిప్పే పని మాత్రమే. అదే వారంలో మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రాంగూడలలో అమెరికా వేళలకు పనిచేసే యువతీయువకుల రాత్రి మొత్తం ఒక గంట పక్కకు జరుగుతుంది. మన దేశంలో గడియారం మారదు, కానీ వారి నిద్ర మారుతుంది. ఈ గడియారపు మార్పును రద్దు చేయాలా, వద్దా అని పాశ్చాత్య దేశాలు ఏళ్ళ తరబడి వాదించుకొంటున్నాయి. ఆ వాదం మనకు సంబంధించినదేనని, పైగా అక్కడి వైద్యులకు మేలైన తీర్పు మన పిల్లలకు మేలు కాకపోవచ్చునని నా అభిప్రాయం. ఎందుకో తెలియాలంటే కొంత చరిత్ర చెప్పుకోవాలి.

మన పెద్దలు రోజును ఎనిమిది జాములుగా, అరవై ఘడియలుగా లెక్కించారు. ఘడియ అంటే 24 నిమిషాలు. ఊరికి ఊరికి సూర్యోదయం వేరు కనుక ప్రతి ఊరికీ దాని సమయమే ఉండేది. రైళ్ళు వచ్చిన తరువాత ఇది కుదరలేదు. మద్రాసు నక్షత్రశాల లెక్కించిన సమయాన్ని రైల్వేలు చాలాకాలం వాడుకొన్నాయి. 1906 జనవరి 1 నుంచి భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చింది. దానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఉత్తరాన ప్రయాగ దగ్గర, మన ప్రాంతంలో కాకినాడకు సమీపంగా పోతుంది. కలకత్తా తన సొంత సమయాన్ని 1948 వరకు, బొంబాయి 1955 వరకు వదులుకోలేదు. హైదరాబాదు ఆ రేఖకు సుమారు నాలుగు డిగ్రీలు పడమరన ఉన్నది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, మన గడియారం మన సూర్యుడి కంటే దాదాపు 16 నిమిషాలు ముందే నడుస్తుంది.

ఇక వేసవిలో గడియారాన్ని ముందుకు జరిపే ఆలోచన సంగతి. దీన్ని బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు అంటగట్టడం పరిపాటి. 1784లో ఆయన రాసినది హాస్యలేఖ. పారిస్ ప్రజలు పెందరాళే లేస్తే కొవ్వొత్తులు మిగులుతాయన్నారే తప్ప గడియారం తిప్పమనలేదు. అసలు ప్రతిపాదన 1895లో న్యూజిలాండుకు చెందిన జార్జి హడ్సన్ చేశారు. ఆయన తపాలా కార్యాలయంలో షిఫ్టు ఉద్యోగి, కీటకాలు సేకరించడం ఆయన వ్యసనం. పని ముగిసిన తరువాత పురుగులు పట్టడానికి వెలుగు మిగలాలని ఆయన కోరిక. ఒక షిఫ్టు ఉద్యోగికి కలిగిన ఆలోచన నూరేళ్ళ తరువాత మరో ఖండంలోని షిఫ్టు ఉద్యోగులను ఇంతగా ఇబ్బంది పెడుతుందని ఆయన ఊహించి ఉండరు.

1907లో ఇంగ్లండులో విలియం విల్లెట్ అనే గృహనిర్మాత ఇదే విషయమై కరపత్రం వేశారు. ఆయన పద్ధతి గమనించదగినది. గంటనంతా ఒక్కసారి జరపమనలేదు; ఏప్రిల్‌లో నాలుగు ఆదివారాలు, వారానికి 20 నిమిషాల చొప్పున జరపమన్నారు. వైద్యుడిని కాబట్టి నాకు ఆ ఇరవై నిమిషాల మీద గౌరవం. ప్రభుత్వాలు మాత్రం అంత ఓపిక పట్టలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో బొగ్గు ఆదా కోసం జర్మనీ 1916 ఏప్రిల్ 30న గంటను ఒక్కదెబ్బన జరిపింది. కొద్ది వారాలకే బ్రిటన్, 1918లో అమెరికా అనుసరించాయి.

మన దేశమూ ఒకసారి ఈ పని చేసింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వం గడియారాన్ని గంట ముందుకు జరిపి, 1945 అక్టోబరు 15 వరకు అలాగే ఉంచింది. అప్పట్లో బడిపంతులుగా ఉన్న మా నాన్నగారు దాన్ని ‘కొత్త టైము’ అనేవారు. బడిగంట గంట ముందు మోగేదట. పొలం వెళ్ళేవాళ్ళు మాత్రం పొద్దు చూసుకొనే కదిలేవారట.

శాంతికాలంలో ఆ పద్ధతి మనకు అక్కర లేకపోవడానికి కారణం భూగోళమే. లండన్‌లో ఏడాదిలో అతి దీర్ఘమైన పగలు పదహారున్నర గంటలకు పైన, అతి చిన్న పగలు ఎనిమిది గంటల లోపు. హైదరాబాదులో పెద్ద పగలు 13 గంటల 10 నిమిషాలు, చిన్న పగలు 11 గంటల పైచిలుకు. పొదుపు చేయడానికి మన దగ్గర అంత అదనపు వెలుగు లేదు.

ఆ దేశాలలో కూడా దీనితో విసిగినవారు ఎక్కువే. 1974 జనవరిలో చమురు కొరత వలన అమెరికా ఏడాది పొడవునా వేసవి సమయమే ఉంచాలని చూసింది. చలికాలపు ఉదయాలలో పిల్లలు చీకట్లో బడికి పోవలసి రావడంతో తల్లిదండ్రులు తిరగబడ్డారు. ఆ అక్టోబరుకే చట్టాన్ని సడలించారు. రష్యా 2011లో శాశ్వత వేసవి సమయాన్ని పెట్టి, 2014లో దాన్ని వదిలి శాశ్వత చలికాలపు సమయానికి మారింది. యూరోపియన్ పార్లమెంటు 2019 మార్చిలో ఈ మార్పును 2021కల్లా రద్దు చేయాలని 410–192 ఓట్లతో తీర్మానించింది. సభ్యదేశాలు ఒప్పుకోక అది మూలన పడింది. అమెరికా సెనేట్ 2022 మార్చిలో శాశ్వత వేసవి సమయానికి ఏకగ్రీవంగా సమ్మతించినా ప్రతినిధుల సభ దాన్ని చేపట్టలేదు. మెక్సికో మాత్రం అదే ఏడాది చాలా ప్రాంతాలలో ఈ పద్ధతికి స్వస్తి చెప్పింది.

వైద్యశాస్త్రం ఏమంటున్నది? మన మెదడులో హైపోథాలమస్ అనే భాగంలో ఒక జీవ గడియారం ఉన్నది. కంటిలో పడే ఉదయపు వెలుగు దాన్ని రోజూ సరిచేస్తుంది. ఈ గడియారం కణాలలో ఎలా పనిచేస్తుందో కనుగొన్న ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి లభించింది. వసంతంలో గంట జరిపిన తరువాతి మొదటి వారంలో గుండెపోటులు సుమారు 5 శాతం పెరిగాయని 2008లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. మిషిగన్ రాష్ట్రంలో మార్పు తరువాతి సోమవారం 24 శాతం పెరుగుదల కనిపించినా, వారం మొత్తం మీద సంఖ్య మారలేదని 2014లో మరొక అధ్యయనం చెప్పింది. అంటే ఎలాగూ రావలసినది కొద్ది రోజులు ముందు వచ్చిందన్నమాట. కనుక వార్తాపత్రికల శీర్షికలు చూసి బెదరిపోవద్దు. అయినా మార్పు మంచిది కాదన్న విషయంలో నిద్రవైద్యులు దాదాపు ఏకాభిప్రాయంతో ఉన్నారు. 2020లో అమెరికా నిద్రవైద్యుల అకాడమీ శాశ్వత ప్రామాణిక సమయాన్ని, అంటే చలికాలపు సమయాన్ని, కోరింది. ఉదయపు వెలుగు దక్కాలంటే అదే సరియైనది.

ఇప్పుడు సైబరాబాదుకు వద్దాం. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటికి మాదాపూర్ అంటే బండరాళ్ళు, దుర్గం చెరువు. ఆ తరువాత అక్కడ వెలసిన కార్యాలయాలు అనేకం అమెరికా పగటితో ముడిపడ్డాయి. న్యూయార్కులో ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు అంటే, వేసవిలో మనకు సాయంత్రం 6:30 నుంచి రాత్రి 2:30 వరకు. నవంబరు మొదటి ఆదివారం తరువాత అది 7:30 నుంచి 3:30 అవుతుంది. యూరప్ గడియారాలు వేరే ఆదివారాలలో మారతాయి కనుక, రెండు ఖండాలతో కలిసి పనిచేసేవారికి మార్చిలో రెండు, మూడు వారాలు, శరత్తులో ఒక వారం సమావేశాల వేళలు గందరగోళమే. ఆస్ట్రేలియాతో పనిచేసేవారి బాధ మరీ విడ్డూరం. సిడ్నీ ఉదయం 9 గంటలు అక్టోబరు దాకా మనకు తెల్లవారుజామున 4:30, తరువాత 3:30.

మా అపార్ట్‌మెంటులో ఉండే ఒక కుర్రవాడు ఒక నవంబరులో నా వద్దకు వచ్చాడు. ‘‘జబ్బేమీ లేదు అంకుల్, నిద్ర పట్టడం లేదంతే’’ అన్నాడు. వయస్సు ముప్పై ఒకటి, రక్తపోటు 150/96. అడగగా తెలిసింది: అక్టోబరు దాకా నాలుగు గంటలకు పడుకొనేవాడు, ఇప్పుడు అయిదు అవుతున్నది. గాఢనిద్ర పట్టే వేళకు పాలపాకెట్ల అబ్బాయి, సంపు మోటారు, వాళ్ళమ్మగారి కుక్కరు వరుసగా మొదలవుతాయి. ఒక్క గంటే కదా అని అతడి పై అధికారి అన్నాడట. నేను ప్రభుత్వ ఆసుపత్రులలో ఎన్నో రాత్రులు డ్యూటీ చేసినవాడిని. తెల్లవారుజామున మూడు నుంచి అయిదు వరకు మనిషి చురుకుదనం అట్టడుగున ఉంటుంది. వార్డులో మందుల పొరపాట్లకూ, రోడ్డు మీద ప్రమాదాలకూ అది అనువైన వేళ. 2:30కి క్యాబ్ ఎక్కడం వేరు, 3:30కి సొంత బైకు ఎక్కడం వేరు.

నన్ను ఆలోచింపజేసిన లెక్క ఇది. హైదరాబాదులో జూన్‌లో సూర్యోదయం 5:40 ప్రాంతంలో, జనవరిలో 6:48 ప్రాంతంలో. ఇప్పుడున్న పద్ధతిలో షిఫ్టు ముగిశాక మిగిలే చీకటి జూన్‌లో మూడు గంటల పైన, జనవరిలోనూ మూడు గంటల పైన. కాకతాళీయంగా రెండూ దాదాపు సమానం. అమెరికా నిద్రవైద్యుల కోరిక నెరవేరి ఏడాదంతా చలికాలపు సమయమే ఉంటే, మన పిల్లలు ఏడాదంతా 3:30కి బయటపడతారు. జూన్‌లో వారికి మిగిలే చీకటి రెండు గంటల పది నిమిషాలు. సెనేట్ కోరినట్లు శాశ్వత వేసవి సమయమైతే ఏడాదంతా 2:30కే విముక్తి. జనవరిలో నాలుగు గంటలకు పైగా చీకటి మిగులుతుంది.

అక్కడి బడిపిల్లవాడికి ఉదయపు వెలుగు కావాలి, ఇక్కడి షిఫ్టు ఉద్యోగికి రాత్రి చీకటి కావాలి. శాస్త్రం చదివినవాడిగా నేను అక్కడి వైద్యుల మాటే సరియని ఒప్పుకొంటాను. వారి బాధ్యత వారి ప్రజల పట్ల. కానీ మన కుర్రవాళ్ళ వైపు నుంచి చూస్తే సెనేట్ తీర్మానం గెలవాలని మనస్సులో కోరుకొంటున్నాను. ఏది గెలిచినా రాత్రిపని రాత్రిపనే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ రాత్రి షిఫ్టులను కాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో 2007లో చేర్చింది, 2019లో మళ్ళీ ధ్రువీకరించింది. అమెరికా తీర్పు వచ్చేదాకా ఆగకుండా, నవంబరులో షిఫ్టు ముగింపును 2:30కే ఉంచమని మన సంస్థలు తమ ఖాతాదారులతో మాట్లాడుకోవచ్చు. ఆ చివరి గంట పనిని అక్కడివారు చూసుకొంటే వచ్చే నష్టం ఎంత?

అప్పటిదాకా ఇంట్లో చేయగలిగినది విల్లెట్‌గారి ఇరవై నిమిషాల పద్ధతి. నవంబరు మొదటి ఆదివారానికి పది రోజుల ముందు నుంచి పడకవేళనూ, భోజనవేళనూ మూడు, నాలుగు రోజులకొకసారి ఇరవై నిమిషాలు వెనుకకు జరపండి. మార్చిలో ఇందుకు విరుద్ధంగా చేయండి. ఇంటికి వచ్చే దారిలో తెల్లవారితే నల్ల కళ్ళద్దాలు పెట్టుకోండి, అయితే బండి నడుపుతూ వద్దు. పడకగదికి మందపాటి తెరలు వేయించండి. ఇన్సులిన్, మూర్ఛ మందులు, రక్తపోటు మాత్రలు వాడేవారు గంట మార్పును సొంతంగా సర్దుకోకుండా తమ వైద్యుడిని ఒకమాట అడగండి. మా కుర్రవాడికి నేను మొదట మందు రాయలేదు. రెండు వారాలు ఈ నియమాలు పాటించి మళ్ళీ రమ్మన్నాను, వాళ్ళమ్మగారిని కుక్కరు ఏడింటికి పెట్టమన్నాను. రక్తపోటు 138/88కి దిగింది. అది ఇంకా ఎక్కువే కనుక ప్రతి నెలా చూస్తున్నాను.