తొలితరం అమెరికన్ ఫుట్‌బాల్ వృత్తి ఆటగాళ్లు

అమెరికన్ ఫుట్‌బాల్‌ను డబ్బు పుచ్చుకుని ఆడినవారిలో, 1892 నుంచి 1930ల నడుమ వరకు మైదానంలో ఉన్నవారిని తొలితరం వృత్తి ఆటగాళ్లుగా లెక్కించవచ్చు. అయితే వృత్తి అనే మాట వీరి విషయంలో సగమే నిజం. చాలామందికి పొట్ట గడిచింది రైల్వే వర్క్‌షాపులోనో, హార్డ్‌వేర్ దుకాణంలోనో, పిండి మిల్లులోనో. ఆట ఆదివారం పని. ఆడినందుకు డబ్బు తీసుకోవడం పెద్దమనుషులకు తగని పనిగా చూసిన రోజులవి. కాబట్టి కొందరు డబ్బును దాచారు, కొందరు ఏకంగా తమ పేరునే దాచారు.

పేరులో ఫుట్ ఉన్నా ఈ ఆటలో బంతి ఎక్కువసేపు చేతుల్లోనే ఉంటుంది. ఇంగ్లండు రగ్బీ నుంచి 19వ శతాబ్దం చివరి పాదంలో యేల్, హార్వర్డ్, ప్రిన్స్‌టన్ వంటి కాలేజీల్లో రూపు దిద్దుకుంది. కోలగా ఉండే బంతిని పట్టుకుని అవతలి గీత దాటించాలి, ఎదుటి జట్టు పట్టి పడగొట్టాలి. కబడ్డీలో కూతకు వచ్చినవాడి మీద అందరూ ఒక్కసారిగా పడే దృశ్యం చూసినవారికి ఈ పెనుగులాట అర్థమవుతుంది. ఇక్కడ పడేది పదకొండు మంది, అదీ ఒళ్లూ బరువూ చూసి ఏరుకున్నవాళ్లు. 1905లో ఒక్క సీజన్‌లోనే 18, 19 మంది కుర్రాళ్లు ఈ ఆటలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కాలేజీల వారిని పిలిపించి మాట్లాడాడు. మరుసటి ఏడు నియమాలు మారాయి, బంతిని ముందుకు విసరడానికి అనుమతి దొరికింది. తోలు హెల్మెట్ మాత్రం ఇష్టమైతేనే పెట్టుకునేది. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ దాన్ని తప్పనిసరి చేసింది 1943లోనే. దాడికి ఒక జట్టు, కాపుకు ఒక జట్టు అనే ఏర్పాటు కూడా అప్పటికి లేదు. దిగినవాడు అరవై నిమిషాలూ రెండు పనులూ చేయాల్సిందే.

పద్దులో మిగిలిన పేరు

పిట్స్‌బర్గ్ పక్కన అలెగెనీ అథ్లెటిక్ అసోసియేషన్ అనే క్లబ్బు ఉండేది. 1892 నవంబరు 12న తన ప్రత్యర్థి పిట్స్‌బర్గ్ అథ్లెటిక్ క్లబ్బుతో ఆటకు యేల్‌లో మూడేళ్లు వరసగా దేశంలోకెల్లా మేటి ఆటగాళ్ల జాబితాకెక్కిన విలియం హెఫెల్‌ఫింగర్‌ను దింపింది. పడ్జ్ అని ముద్దుపేరున్న ఈ మినియాపొలిస్ భారీమనిషిని చూడగానే ఎదుటి జట్టు గొడవకు దిగింది. పందేలన్నీ రద్దు చేశాకే ఆట సాగింది. ప్రత్యర్థి చేజార్చిన బంతిని హెఫెల్‌ఫింగర్ అందుకుని పరుగెత్తి గీత దాటించాడు. ఇలా గీత దాటించే టచ్‌డౌన్‌కు అప్పట్లో నాలుగు పాయింట్లు. అలెగెనీ 4-0తో గెలిచింది.

క్లబ్బు ఆ రోజు ఖర్చుల పద్దులో అతని పేరిట 500 డాలర్ల నగదు, దానికి తోడు 25 డాలర్ల దారిఖర్చులు రాసుకుంది. ఈ కాగితం సంగతి 1960ల దాకా లోకానికి తెలియలేదు. అది వెలుగు చూడకముందే, 1954లో హెఫెల్‌ఫింగర్ చనిపోయాడు. ఆ పద్దు చీటీ ఇప్పుడు ఒహైయోలోని కాంటన్‌లో వృత్తి ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉంది. ఎవరూ చూడరన్న నమ్మకంతో రాసిన పద్దుకంటే నమ్మదగిన సాక్ష్యం చరిత్రకారుడికి ఏముంటుంది?

అంతవరకు తొలి వృత్తి ఆటగాడన్న గౌరవం జాన్ బ్రాలియర్‌ది. 1895 సెప్టెంబరు 3న పెన్సిల్వేనియాలోని లట్రోబ్ జట్టు తరఫున జానెట్ ఊరిపై క్వార్టర్‌బ్యాక్‌గా ఆడినప్పుడు అతనికి పద్దెనిమిదేళ్లు. ముట్టింది పది డాలర్లు, పైఖర్చులు. లట్రోబ్ 12-0తో గెలిచింది. బ్రాలియర్ ఆ డబ్బు సంగతి దాచలేదు. తర్వాత దంతవైద్యుడై స్థిరపడ్డాడు. లీగ్ అతన్ని తొలి వృత్తి ఆటగాడిగా గుర్తించి, ఆటలు ఉచితంగా చూసేందుకు జీవితకాలపు పాసు ఇచ్చింది. అతను 1960లో మరణించాడు.

బాయిలర్ షెడ్డు అన్నదమ్ములు

1900 దాటాక ఆట కేంద్రం ఒహైయో రాష్ట్రానికి మారింది. ఉక్కు, రైలు, యంత్రాల ఊళ్లు అవి. కార్మికులే ఆటగాళ్లు, కార్మికులే ప్రేక్షకులు. కొలంబస్‌లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వారి వర్క్‌షాపు నుంచి పాన్‌హాండిల్స్ అనే జట్టు పుట్టింది. దాని వెన్నెముక నెసర్ అన్నదమ్ములు. జాన్, ఫిల్, టెడ్, ఫ్రెడ్, ఫ్రాంక్, ఆల్ అనే ఆరుగురూ బాయిలర్లు చేసే పనివాళ్లు. మధ్యాహ్నం భోజన విరామంలో సాధన చేసేవారు. రైల్వే ఉద్యోగులు కాబట్టి పాసుల మీద పైసా ఖర్చు లేకుండా ఊరూరా తిరిగి ఆడేవారు. ఊరివాళ్ల ముందు సొంత మైదానంలో ఆడటానికి డబ్బు కావాలి, పాసుతో పొరుగూరు వెళ్లడానికి అక్కర్లేదు. ఆ జట్టు దాదాపు ఎప్పుడూ బయటి ఊళ్లలోనే ఆడటానికి ఇదే కారణం.

1921లో టెడ్ నెసర్ తన కొడుకు చార్లీతో కలిసి ఒకే జట్టులో ఆడాడు. లీగ్ చరిత్రలో తండ్రీకొడుకులు అలా ఆడటం అదొక్కసారే. ఈ జట్టును నడిపిన జో కార్ కూడా రైల్వే మెషినిస్టుగా పనిచేసినవాడే, పత్రికలకు ఆటల వార్తలు రాసేవాడు. అదే కార్ 1921 నుంచి 1939లో చనిపోయే వరకు లీగ్ అధ్యక్షుడిగా ఉన్నాడు. లీగ్ చరిత్ర చెప్పేవారు నెసర్లను ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఆనాటి ఆటగాడి బతుకు నిజంగా ఎలా ఉండేదో తెలియాలంటే ఆరా తీయాల్సింది వీళ్ల గురించే.

ఒహైయోలోనే షెల్బీ అనే చిన్న ఊరు. అక్కడ హార్డ్‌వేర్ దుకాణంలో పనిచేస్తూ ఊరి జట్టుకు ఆడిన చార్లెస్ ఫాలిస్, 1904లో ఒప్పందం మీద సంతకం చేసి, తెలిసినంతలో తొలి నల్లజాతి వృత్తి ఆటగాడయ్యాడు. టొలీడోలో ఒక ఆటలో ప్రేక్షకులు అతన్ని జాతి పేరుతో తిడుతుంటే, ఎదుటి జట్టు కెప్టెన్ ఆట ఆపించి, అతను మర్యాదస్థుడనీ, శుద్ధంగా ఆడేవాడనీ వారికి చెప్పాల్సి వచ్చింది. గాయాలతో ఫాలిస్ 1906లో ఆట మానాడు. 1910లో న్యుమోనియాతో పోయాడు, అప్పటికి 31 ఏళ్లు. షెల్బీలో అతనితో కలిసి ఆడినవారిలో బ్రాంచ్ రికీ అనే కాలేజీ యువకుడు ఉన్నాడు. 1945లో జాకీ రాబిన్‌సన్‌తో సంతకం చేయించి బేస్‌బాల్‌లో వర్ణగోడను బద్దలుకొట్టినవాడు ఈ రికీయే.

జిమ్ థోర్ప్

సాక్ అండ్ ఫాక్స్ తెగలో, నేటి ఒక్లహోమా ప్రాంతంలో పుట్టిన జిమ్ థోర్ప్ పెన్సిల్వేనియాలోని కార్లైల్ ఇండియన్ పాఠశాలలో చదివాడు. ఆదివాసీ పిల్లల నుంచి వారి భాషనూ వేషాన్నీ తీసేయడానికే పెట్టిన బడి అది. కోచ్ పాప్ వార్నర్ దగ్గర ఫుట్‌బాల్‌లో దేశమంతా పేరు తెచ్చుకుని, 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోనూ స్వర్ణాలు గెలిచాడు. అంతకు ముందు 1909, 1910లలో నార్త్ కరోలినాలో కొద్దిపాటి డబ్బుకు బేస్‌బాల్ ఆడినట్టు బయటపడటంతో 1913లో పతకాలు లాగేసుకున్నారు. కాలేజీ కుర్రాళ్లు ఎందరో మారుపేర్లతో అదే పని చేసేవారు. థోర్ప్ తన సొంత పేరుతో ఆడాడు, అదే అతనికి చేటయింది.

డబ్బుకు ఆడనివాడన్న అమెచ్యూర్ ముద్ర పోయాక దాచడానికేమీ మిగల్లేదు. 1915లో కాంటన్ బుల్‌డాగ్స్ నిర్వాహకుడు జాక్ క్యూసాక్ అతనికి ఆటకు 250 డాలర్లు ఇస్తానన్నాడు. అంత డబ్బు పోస్తే జట్టు దివాలా తీస్తుందని చుట్టూ ఉన్నవారు హెచ్చరించారు. సగటున 1,200 మంది వచ్చే చోట, ప్రత్యర్థి ఊరు మాసిలన్‌తో జరిగిన ఆటలకు వేలకు వేలు వచ్చారు. 1916, 1917, 1919లలో కాంటన్ ఒహైయో జట్లలో విజేతగా నిలిచింది.

1922, 1923లలో థోర్ప్ ఒరాంగ్ ఇండియన్స్ అనే జట్టుకు ఆటగాడూ కోచూ అయ్యాడు. ఒహైయోలోని లారూ అనే పల్లెటూరిలో ఎయిర్‌డేల్ కుక్కలు పెంచి అమ్మే వాల్టర్ లింగో తన వ్యాపార ప్రచారానికి పెట్టిన జట్టు అది, అందరూ ఆదివాసీలే. విరామ సమయంలో ఆటగాళ్లే కుక్కలతో విన్యాసాలు, తెగల నృత్యాలు చేసి చూపించాలి. జో గయాన్, పీట్ కలాక్ వంటి మేటి ఆటగాళ్లు సగం ఆట అలసటతో ఊపిరి తీసుకోవాల్సిన వేళ ఆ వినోదంలో నిలబడ్డారు. లారూ కంటే చిన్న ఊరికి ఈ లీగ్‌లో జట్టు మరెన్నడూ లేదు. రెండేళ్లలో ప్రేక్షకులకు ఆ మోజు తీరిపోయింది, లింగో జట్టును మూసేశాడు.

థోర్ప్ 1928లో ఆఖరి ఆట ఆడాడు. తర్వాత కందకాలు తవ్వాడు, సినిమాల్లో చిన్న వేషాలు వేశాడు, వ్యాపార నౌకల్లో పనిచేశాడు. 1953లో కాలిఫోర్నియాలో మరణించాడు. భార్య అతని దేహాన్ని ఒక్లహోమాలో కాక, అతను ఏనాడూ నివసించని పెన్సిల్వేనియా ఊరికి ఇచ్చింది. ఆ ఊరు తన పేరునే జిమ్ థోర్ప్ అని మార్చుకుంది. ఒలింపిక్ సంఘం 1983లో నకలు పతకాలను కుటుంబానికి ఇచ్చింది. రెండు పోటీల్లోనూ అతనొక్కడే విజేత అని ఒప్పుకున్నది 2022 జులైలో.

కార్ల షోరూమ్‌లో పుట్టిన లీగ్

1920 సెప్టెంబరు 17న కాంటన్‌లో రాల్ఫ్ హే అనే వ్యాపారి హప్‌మొబైల్ కార్ల షోరూమ్‌లో జట్ల ప్రతినిధులు సమావేశమయ్యారు. కుర్చీలు చాలక కొందరు కార్ల ఫుట్‌బోర్డుల మీద కూర్చున్నారు. ఒక జట్టు నుంచి మరో జట్టుకు డబ్బు కోసం దూకే ఆటగాళ్లను, మారుపేరుతో ఆడే కాలేజీ విద్యార్థులను అదుపు చేయడం వారి ఉద్దేశం. థోర్ప్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు, అతని పేరు పత్రికల్లో పడుతుందని. జట్టుకు వంద డాలర్ల రుసుము పెట్టారు. కట్టినవాడు ఒక్కడూ లేడని అక్కడ ఉన్న జార్జ్ హలాస్ తర్వాత చెప్పాడు. 1922లో ఈ సంఘానికి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అని పేరు మార్చారు.

హలాస్ ఇలినాయ్‌లోని డెకేటర్‌లో ఏ.ఈ. స్టేలీ పిండి పదార్థాల కంపెనీలో ఉద్యోగిగా చేరి, కంపెనీ జట్టును నడిపాడు. ఆటగాళ్లకు మిల్లులో ఉద్యోగం, పనిగంటల్లోనే సాధనకు సమయం ఉండేవి. ఏడాదికే ఖర్చు భరించలేక స్టేలీ 5,000 డాలర్లు చేతిలో పెట్టి, ఇంకో ఏడాది కంపెనీ పేరు ఉంచితే చాలు, షికాగో తీసుకుపొమ్మన్నాడు. 1922లో అది షికాగో బేర్స్ అయింది. గ్రీన్ బే ప్యాకర్స్ పుట్టుక కూడా ఇలాంటిదే. 1919లో మాంసం డబ్బాల కంపెనీ ఒకటి యూనిఫారాల కోసం జట్టు స్థాపించిన కర్లీ లాంబోకు 500 డాలర్లు ఇచ్చింది. మారుపేర్లతో కాలేజీ కుర్రాళ్లను దింపినందుకు ఆ జట్టు 1922 ఆరంభంలో లీగ్ సభ్యత్వం పోగొట్టుకుని, మళ్లీ సంపాదించుకుంది.

మారుపేర్లలో అందమైనది జాన్ మెక్‌నాలీది. కాలేజీలో ఆడే అర్హత పోకుండా ఉండాలనుకుని, స్నేహితుడితో కలిసి జట్టులో చేరడానికి వెళుతూ సినిమా హాలు మీద రుడాల్ఫ్ వాలెంటినో నటించిన బ్లడ్ అండ్ శాండ్ బోర్డు చూశాడు. నువ్వు శాండ్, నేను బ్లడ్ అనుకున్నారు. జానీ బ్లడ్ అన్న పేరుతోనే ఆడి, హాల్ ఆఫ్ ఫేమ్ 1963లో ఎంచుకున్న తొలి 17 మందిలో చోటు సంపాదించాడు.

తలుపు తెరిచి మూసిన కాలం

షికాగోలో పుట్టిన ఫ్రిట్జ్ పొలార్డ్ 1920లో ఓటమి ఎరుగకుండా లీగ్ గెలిచిన ఏక్రన్ ప్రోస్‌లో ప్రధాన ఆటగాడు. 1921లో అదే జట్టుకు కోచ్ బాధ్యతలూ చేపట్టి, లీగ్‌లో తొలి నల్లజాతి ప్రధాన కోచ్ అయ్యాడు. ఏక్రన్‌లోనే ఆట ఉన్నా బట్టలు మార్చుకునేది జట్టు యజమాని చుట్టల దుకాణంలో. కింద పడగానే వెల్లకిలా తిరిగి కాళ్లు పైకెత్తేవాడు. బూట్ల మేకులు ఎదురుగా కనిపిస్తే మీద పడి తొక్కాలనుకునేవాళ్లు వెనక్కి తగ్గుతారని.

1921లో ఏక్రన్‌కు, మరుసటి ఏడు మిల్వాకీ బ్యాడ్జర్స్‌కు పాల్ రోబ్సన్ ఆడాడు. వారంలో న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదువు, వారాంతంలో రైలెక్కి ఆట, ఆ డబ్బుతో ఫీజులు. ఆ తర్వాత ప్రపంచమంతా విన్న గాయకుడు ఈ రోబ్సనే. అతని ఓల్ మ్యాన్ రివర్ పాట ప్రేరణతోనే భూపేన్ హజారికా గంగ మీద పాట కట్టాడు.

1933 సీజన్ ముగిశాక లీగ్‌లో నల్లజాతి ఆటగాడు ఒక్కడూ కనిపించలేదు. 1946లో లాస్ ఏంజెలిస్ రామ్స్ కెనీ వాషింగ్టన్‌ను, వుడీ స్ట్రోడ్‌ను తీసుకునే వరకు ఇదే స్థితి. రాసి పెట్టిన నిషేధం ఏదీ లేదు, యజమానుల మౌనమే సరిపోయింది. పొలార్డ్‌ను హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చింది 2005లో. అప్పటికి అతను పోయి 19 ఏళ్లు.

మంచు మోసిన కుర్రాడు

ఇలినాయ్‌లోని వీటన్‌లో వేసవి సెలవుల్లో ఇంటింటికీ మంచుగడ్డలు మోసిన రెడ్ గ్రేంజ్, 1924 అక్టోబరు 18న కాలేజీ ఆటలో మిషిగన్‌పై మొదటి పన్నెండు నిమిషాల్లోనే నాలుగు టచ్‌డౌన్లు చేశాడు. సినిమా హాళ్లు నడిపే సీ.సీ. పైల్ అతనికి ఏజెంటుగా కుదిరాడు. 1925 నవంబరులో చివరి కాలేజీ ఆట ముగిసిన వెంటనే, డిగ్రీ పూర్తికాకుండానే గ్రేంజ్ బేర్స్‌తో సంతకం చేశాడు. అతని కోచ్ బాబ్ జుప్కీ గట్టిగా వ్యతిరేకించాడు. షికాగోలో మొదటి ఆటకు 36,000 మంది వచ్చారు. డిసెంబరులో న్యూయార్క్‌లో 65,000 మందికి పైగా వచ్చి, మునిగిపోతున్న జెయింట్స్ జట్టును ఒడ్డున పడేశారు. ఆ నెలలో పన్నెండు రోజుల్లో ఎనిమిది ఆటలు ఆడించారు. తోటి ఆటగాడికి ఆటకు వంద డాలర్ల చుట్టుపక్కల వస్తుంటే, గ్రేంజ్‌కు ఆ యాత్రలో దాదాపు లక్ష ముట్టింది. కాలేజీల ఆగ్రహం చల్లార్చడానికి లీగ్, విద్యార్థిని అతని తరగతి పట్టా పుచ్చుకునే దాకా తీసుకోకూడదని నిబంధన పెట్టుకుంది.

అదే కాలపు మరో ఆటగాడు ఎర్నీ నెవర్స్ 1926లో డులూత్ ఎస్కిమోస్‌కు 29 ఆటలు ఆడాడు, ఒకటి తప్ప అన్నీ బయటి ఊళ్లలోనే. 1,740 నిమిషాల్లో 1,714 నిమిషాలు మైదానంలోనే ఉన్నాడు. 1929లో ఒకే ఆటలో 40 పాయింట్లు చేశాడు. బేర్స్ ఆటగాడు బ్రాంకో నగర్‌స్కీ జీతం చాలక కుస్తీ పోటీల్లోకి వెళ్లాడు, ఆ తర్వాత కెనడా సరిహద్దున ఇంటర్నేషనల్ ఫాల్స్‌లో పెట్రోలు బంకు నడిపాడు.

1936లో కాలేజీ ఆటగాళ్లను వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్ పద్ధతి మొదలైంది. మొట్టమొదట పిలిచిన పేరు షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన జే బెర్వాంగర్‌ది, ముందటి ఏడే కాలేజీల్లో మేటి ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అందుకున్నవాడు. ఎంచుకున్న ఫిలడెల్ఫియా అతని హక్కులను బేర్స్‌కు ఇచ్చేసింది. హలాస్ పిలిచి మాట్లాడాడు, బేరం కుదరలేదు. బెర్వాంగర్ షికాగోలో ఒక రబ్బరు కంపెనీలో చేరి ఫోమ్ రబ్బరు అమ్మాడు, ఖాళీ వేళల్లో తన పాత కాలేజీ కుర్రాళ్లకు ఆట నేర్పాడు. లీగ్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు.