గ్రామ జనాభా, రవాణా వివరాలు (భారత జనగణన)

భారత జనగణన శాఖ ప్రతి రెవెన్యూ గ్రామానికీ విడిగా ప్రకటించే సమాచారాన్ని గ్రామ వివరాలు అంటారు. ఊళ్లో ఇళ్లెన్ని, జనం ఎంత, బస్సు వస్తుందా, రోడ్డు ఎలాంటిది అన్నవి ఇందులో ముఖ్యాంశాలు. 2011 లెక్కల ప్రకారం దేశంలో సుమారు 6.4 లక్షల గ్రామాలున్నాయి. జనాభాలో దాదాపు 69 శాతం, అంటే 83 కోట్ల మంది, పల్లెల్లోనే ఉన్నారు.

చరిత్ర

బ్రిటిషు పాలనలో తొలి జనగణన 1872లో ముగిసింది. అది దేశమంతటా ఒకేసారి జరిగింది కాదు. 1881 నుంచి పదేళ్లకోసారి అన్నిచోట్లా ఒకే కాలంలో లెక్కించడం మొదలైంది. పల్లెల్లో ఈ పనికి కరణాలు, పట్వారీల వంటి గ్రామోద్యోగులే ఆధారం. ఇప్పుడు ఇంటింటికీ వెళ్లి వివరాలు రాసుకునేవారిలో ఎక్కువమంది ఉపాధ్యాయులు.

స్వాతంత్ర్యం తర్వాత 1951 జనగణనతో జిల్లాల వారీ పుస్తకాలు వెలువడ్డాయి. 1961లో జనగణన కమిషనర్ అశోక్ మిత్రా ఆధ్వర్యంలో ఎంపిక చేసిన గ్రామాల మీద ప్రత్యేక గ్రంథాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో జనగణన అధికారి ఎ. చంద్రశేఖర్ పర్యవేక్షణలో వచ్చిన సంపుటాలు ఇళ్ల తీరు, వృత్తులు, ఆచారాలను కూడా నమోదు చేశాయి.

వివరాల స్వరూపం

2011లో ప్రతి గ్రామానికీ ఆరంకెల కోడ్ ఇచ్చారు. జనాభా పట్టికలో ఇళ్లు, స్త్రీ పురుషులు, ఆరేళ్ల లోపు పిల్లలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలు, అక్షరాస్యులు, సాగుదారులు, వ్యవసాయ కూలీల సంఖ్యలుంటాయి. రవాణా పట్టికలో ప్రభుత్వ, ప్రైవేటు బస్సులు, రైల్వే స్టేషన్, ఆటోలు, ట్రాక్టర్లు, ఎడ్లబళ్లు, పడవలు, తారురోడ్డు, కంకరరోడ్డు, కాలిబాట వరకూ అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. ఊళ్లో లేని సదుపాయం ఎంత దూరంలో ఉందో మూడు తరగతులుగా చెబుతారు: 5 కిలోమీటర్ల లోపు, 5 నుంచి 10 మధ్య, 10కి పైన.

దూరం అంకెలోకి రాని ప్రయాణాలూ ఉన్నాయి. వశిష్ఠ గోదావరికి ఇటు సఖినేటిపల్లి, అటు నరసాపురం. రేవులో పంటు అనే పెద్ద పడవ ఎక్కితే మోటారు సైకిలుతో సహా ఏరు దాటేయవచ్చు. వరద వచ్చి పంటు ఆగితే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలి. పట్టికలో ఆ రేవు ఒక్క గడి మాత్రమే.

రెవెన్యూ గ్రామం, శివారు పల్లె

జనగణనకు రెవెన్యూ గ్రామం కొలమానం. దాని కింద శివారు పల్లెలు, తండాలు, గూడేలు చాలా ఉండవచ్చు. ప్రధాన గ్రామానికి పల్లెవెలుగు బస్సు వస్తే మొత్తం గ్రామానికి బస్సు ఉన్నట్టే నమోదవుతుంది. కొండ మీది గూడెం లోటు ఆ లెక్కలో మరుగున పడుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణులను నేటికీ డోలీల్లో మోసుకొస్తున్నారు.

ఈ లోపాన్ని కొంత సరిచేసింది 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన. అది రెవెన్యూ గ్రామాన్ని కాక జనావాసాన్ని లెక్కలోకి తీసుకుంది. మైదానాల్లో 500, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 జనాభా దాటిన ఆవాసాలకు 2001 లెక్కల ఆధారంగా అన్ని కాలాల్లో నడిచే రోడ్డు వేయాలన్నది లక్ష్యం. 2024లో ఆమోదం పొందిన నాలుగో దశకు 2011 జనాభా ఆధారం. 25 వేల ఆవాసాలకు రోడ్లు వేయాలని నిర్ణయించారు.

ప్రాధాన్యం

జనాభా అంకెకూ రోడ్డుకూ ఉన్న లంకె ఇదే. 240 మంది ఉన్న గూడేనికి పది మంది తక్కువయ్యారని రోడ్డు దక్కకపోవచ్చు. వలస వెళ్లిన కుటుంబాలను వదిలేసినా, శివారు పల్లెను పక్క ఊళ్లో కలిపేసినా నష్టపోయేది అక్కడివాళ్లే. కోవిడ్ వల్ల 2021 జనగణన వాయిదా పడింది. కొత్త లెక్కలకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. శివారు పల్లెలను వదలకుండా, సరిగా లెక్కించడం ఈసారి మరింత అవసరం.