ఫారము నింపగానే వచ్చే ఉత్తరం

పరీక్షకు గాని, రైలు ప్రయాణానికి గాని ఇంటర్‌నెట్‌లో పేరు నమోదు చేసుకొన్న కొద్ది క్షణాలలో మనకు ఒక ఈ-మెయిలు అందుతుంది. మన పేరు, నమోదు సంఖ్య, తరువాత చేయవలసిన పని అందులో ఉంటాయి. ఏ గుమాస్తా కూర్చొని దానిని వ్రాయలేదు. అయినా మన కొరకే వ్రాసినట్లుంటుంది. ఇది ఎట్లు సాధ్యమైనది? అందులో ఏ మాట ఎవరి చేతిలో ఉండవలెను? ఈ రెండవ ప్రశ్నకు సమాధానం కొంత నష్టం జరిగిన పిమ్మటగాని తేలలేదు.

1971లో అమెరికాలో రే టామ్లిన్‌సన్ అనే ఇంజనీరు ఆర్పానెట్ అనే కంప్యూటర్ల వలయం మీద ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి ఉత్తరం పంపినాడు. 1982లో డేవిడ్ క్రాకర్ రచించిన ప్రమాణపత్రం ఆ ఉత్తరాల రూపాన్ని స్థిరపరచినది. పైభాగంలో ‘ఎవరికి’, ‘ఎవరి నుండి’, ‘విషయం’ అనేవి విడివిడి పంక్తులలో ఉండాలి. వాటి క్రింద ఒక ఖాళీ పంక్తి, ఆపైన అసలు ఉత్తరం. ఈ పంక్తుల సంగతి పాఠకులు గుర్తుంచుకోవలెను.

1993లో వెబ్ పుటలలో నింపదగిన ఫారములు, ఆ వివరాలను సర్వరులోని ప్రోగ్రాముకు అందించే సి.జి.ఐ. పద్ధతి వాడుకలోకి వచ్చినవి. ప్రోగ్రాము పని మన పాఠశాలలలో అచ్చు వేసిన సర్టిఫికెట్టు వంటిదే. మాటలు ముందే అచ్చయి ఉంటాయి. ఖాళీలలో పేరు, తరగతి, తేదీ మాత్రం నింపుతారు. అచ్చు మాటలను కూడ విద్యార్థియే మార్చుకోగలిగితే ఆ సర్టిఫికెట్టుకు విలువ ఏముంటుంది?

సరిగా ఇదే జరిగినది. 1995లో మాట్ రైట్ అనే అమెరికా హైస్కూలు విద్యార్థి ‘ఫారంమెయిల్’ అనే ప్రోగ్రాము వ్రాసి అందరికీ ఉచితంగా ఇచ్చినాడు. ఎందరో దానిని వాడుకొన్నారు. ఉత్తరం ‘విషయం’ ఏమిటో, ఏ గడులు తప్పక నింపవలెనో పుట యజమాని తనకు తగినట్లు మార్చుకోవచ్చును. కాని ఉత్తరం ఎవరికి చేరవలెనో ఆ చిరునామా కూడ ఫారముతోనే, కంటికి కనబడని గడిలో, ప్రోగ్రాముకు అందేది. మోసగాండ్రు ఆ గడిలో తమకు కావలసిన చిరునామాలు వ్రాసి, పరుల సర్వరుల నుండి అయాచిత ప్రకటనలు పంపించినారు. ఫారము ఏ పుట నుండి వచ్చినదో చూచే ఏర్పాటు ఉన్నను, ఆ వివరాన్ని కూడ పంపేవాడే కల్పించగలడు. తరువాతి కూర్పులలో యజమాని ముందుగా అనుమతించిన చిరునామాలకే ఉత్తరం పోయేటట్లు సరిదిద్దినారు.

మరొక చిక్కు కూడ ఉన్నది. నింపినవాని పేరును ‘విషయం’ పంక్తిలో చేర్చితే చూడ ముచ్చటగానే ఉంటుంది. కాని పేరు మధ్యలో కొత్త పంక్తి గుర్తును చొప్పిస్తే? దాని వెనుక వ్రాసినది పేరు కాక, మరొక ‘ఎవరికి’ పంక్తియై కూర్చుంటుంది! అందుచేత పై పంక్తులలో చేరే మాటల నుండి ఆ గుర్తును ముందే తొలగించవలెను.

ఇతరుల చిరునామా వ్రాసి నమోదు చేసేవారు కూడ కలరు. దీనికి విరుగుడుగా, మొదటి ఉత్తరంలో ఒక లింకు మాత్రం పంపి, అందుకొన్నవారు దానిని నొక్కిన తరువాతనే నమోదు పూర్తిచేసే పద్ధతి వచ్చినది. యంత్రం ఉత్తరానికి యంత్రమే బదులు వ్రాస్తూ పోతే అంతమెక్కడ? 2004లో కీత్ మూర్ రచించిన ప్రమాణపత్రం, తానై పంపే ఉత్తరం మీద ఆ సంగతి తెలిపే గుర్తు ఉండవలెనని సూచించినది.

ఈ ఉత్తరం తెలుగులో ఉండవచ్చునా? 1991లో యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగు లిపికి స్థానం లభించినది. 1992లో బోరెన్‌స్టైన్, ఫ్రీడ్ రూపొందించిన మైమ్ పద్ధతి ఇంగ్లీషేతర లిపులకు ఈ-మెయిలులో దారి చూపినది. కనుక అడ్డంకి లేదు.

ఉపాధ్యాయులు తరగతిలో ఈ అభ్యాసం చేయించవచ్చును. పాఠశాల సైన్సు ప్రదర్శనకు పేరిచ్చినవారికి పంపదగిన ఉత్తరం వ్రాయించండి. మారరాని మాటలను నల్ల సిరాతోను, నింపే ఖాళీలను ఎర్ర సిరాతోను వ్రాయమనండి. పిదప ప్రతి ఎర్ర ఖాళీ వద్ద ఆగి, అందులో ఎవరైనా పేరుకు బదులు మరేదైనా వ్రాస్తే ఏమగునో అడగండి.