ఏనుగు బొమ్మ డేటాబేస్: లీకులు ఎలా ఆగాయి?

ఎపిసోడ్‌లో టైమ్ చాలక వదిలేసిన చరిత్ర ఇక్కడ రాస్తున్నా.

మనం పని చేసిన గంటలు, ఇంటికి పంపిన డబ్బు, పర్మిట్ గడువు, ఇవన్నీ ఎక్కడో ఒక కంప్యూటర్‌లో వరుసలుగా ఉంటాయి. ఆ వరుసల్ని దాచే సాఫ్ట్‌వేరే డేటాబేస్. ఒక్క వరుస పోయినా మన ఒక రోజు కష్టం లెక్కలోంచి పోయినట్టే. అందుకే ఈ కథ కంప్యూటర్ వాళ్ళది మాత్రమే కాదు, మనది కూడా.

1986లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో మైఖేల్ స్టోన్‌బ్రేకర్ 'పోస్ట్‌గ్రెస్' అనే పరిశోధన మొదలుపెట్టారు. 1994లో అది ముగిసింది. ఆండ్రూ యూ, జాలీ చెన్ అనే ఇద్దరు విద్యార్థులు దానికి ఎస్‌క్యూఎల్ భాష కలిపి 1995లో అందరికీ ఉచితంగా వదిలారు. తర్వాత చూసుకునేవాళ్ళు కావాలి. 1996 జులైలో కెనడాలో ఉన్న మార్క్ ఫోర్నియర్ తన సర్వర్‌లో ఆ కోడ్‌కి చోటిచ్చారు. ఫిలడెల్ఫియా నుంచి బ్రూస్ మోమ్జియన్, రష్యాలోని క్రాస్నోయార్స్క్ నుంచి వదీమ్ మిఖేయెవ్, కాలిఫోర్నియా నుంచి థామస్ లాక్‌హార్ట్ కలిశారు. జీతం లేదు, మాటలన్నీ ఈమెయిల్‌లోనే. ఆ ఏడాదే దాని పేరు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అయింది. దాని గుర్తు ఏనుగు.

వాళ్ళకి చాలాకాలం తలనొప్పి అయిన జబ్బు మెమరీ లీక్. అదేంటో సైట్ భాషలో చెప్తా. స్లాబ్ సెంట్రింగ్‌కి స్టోర్ నుంచి జాకీలు తెస్తాం. పనయ్యాక తిరిగి ఇవ్వకుండా మూలన పడేస్తే? ఇవాళ ఐదు, రేపు పది. ఏదీ విరగలేదు, ఎవరూ ఎత్తుకుపోలేదు, కానీ నెల తిరిగేసరికి స్టోర్ ఖాళీ, పని బంద్. ప్రోగ్రామ్ కూడా అంతే. మెమరీ అడిగి తీసుకుంటుంది, తిరిగి ఇవ్వడం మర్చిపోతుంది. నెలల తరబడి ఆగకుండా నడవాల్సిన డేటాబేస్‌కి ఇది ప్రాణం మీదకి తెచ్చే సంగతి.

7.0 వెర్షన్ దాకా, ఒక క్వెరీ వాడుకున్న మెమరీ అది పూర్తయితే గానీ వెనక్కి వచ్చేది కాదు. లక్షల వరుసలు చదివే క్వెరీ అయితే మధ్యలోనే మెషిన్ చేతులెత్తేసేది. 2000లో టామ్ లేన్ ఆ పద్ధతిని తిరగరాశారు. ప్రతి జాకీని గుర్తుపెట్టుకుని తిరిగివ్వమనడం మానేసి, ఒక్కో పనికి ఒక్కో పెట్టె పెట్టారు. ఆ పని కాగానే పెట్టెలో ఉన్నదంతా ఒకేసారి స్టోర్‌కి పోతుంది. పెద్ద పెట్టె తీసేస్తే లోపలి చిన్న పెట్టెలూ పోతాయి. వీటినే 'మెమరీ కాంటెక్స్ట్'లు అంటారు.

2001 ఏప్రిల్‌లో వచ్చిన 7.1లో ఈ మార్పు ఉంది. అందులోనే మిఖేయెవ్ చేసిన మరో పని కూడా ఉంది. ఏ మార్పైనా ముందు చిట్టాకి ఎక్కాలి, తర్వాతే ఆవర్జాకి. మధ్యలో కరెంట్ పోయినా చిట్టా చూసి లెక్క సరిచేసుకుంటుంది.

పరీక్ష త్వరగానే వచ్చింది. 2003 జనవరిలో '.ఆర్గ్' తో ముగిసే 25 లక్షలకు పైగా వెబ్‌సైట్ పేర్ల రిజిస్టరు వెరిసైన్ నుంచి చేతులు మారింది. దాన్ని నడిపే పని అఫిలియాస్‌కి వచ్చింది. టొరంటోలో ఆఫీసున్న ఆ కంపెనీ పోస్ట్‌గ్రెస్ మీదే నడిపింది. ఆ కంపెనీలోనే యాన్ వీక్ 2004లో 'స్లోనీ' రాశారు. రష్యన్‌లో ఆ మాటకి ఏనుగులు అని అర్థం. ఒక డేటాబేస్‌కి నకళ్ళు వేరే మెషిన్లలో ఉంచడం దాని పని. 2006 జులైలో పదేళ్ళ పండగ టొరంటోలోని రయర్సన్ యూనివర్సిటీలో జరిగింది. ఇప్పుడు దాని పేరు టొరంటో మెట్రోపాలిటన్. మన వాన్ నుంచి ఒకటో లైన్ సబ్‌వే ఎక్కితే చేరొచ్చు.

అంతటితో అయిపోలేదు. 2018లో ఇంకో లోపం బయటపడింది. డిస్క్ మీద రాయడం ఒకసారి ఫెయిలైనా, రెండోసారి అడిగితే ఆపరేటింగ్ సిస్టమ్ 'రాశాను' అనేసే అవకాశం ఉంది. పోస్ట్‌గ్రెస్ అది నమ్మేసేది. 2019 ఫిబ్రవరి నుంచి అలాంటప్పుడు నమ్మదు. పని ఆపేసి, చిట్టా నుంచి మళ్ళీ మొదలుపెడుతుంది.

ఒక్క మాట గుర్తుంచుకోండి అన్నలూ. డేటాబేస్ ఎంత గట్టిదైనా ఎక్కించిన లెక్కనే కాపాడుతుంది. పది గంటల పనిని ఎనిమిదిగా ఎక్కిస్తే ఆ ఎనిమిదినే భద్రంగా దాస్తుంది. కాబట్టి వచ్చిన టైమ్, వెళ్ళిన టైమ్, సైట్ పేరు ఏ రోజుకారోజు మీ చిట్టాలో రాసుకోండి. పే స్లిప్ రాగానే రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ఆ వారమే అడగండి.