నీటి అడుగు జీవులతో నాణ్యత నిర్ధారణ

ఏటి అడుగున రాళ్ల కింద, ఇసుకలో, బురదలో బతికే వెన్నెముక లేని జీవులను బట్టి మంచినీటి నాణ్యతను తేల్చే పద్ధతి ఇది. నత్తలు, జలగలు, తూనీగల పిల్లపురుగులు ఈ కోవలోవి. సీసాలో పట్టిన నీరు ఆ పూట సంగతే చెబుతుంది. రాత్రి వదిలిన మురుగు తెల్లారేసరికి దిగువకు కొట్టుకుపోవచ్చు. రాయిని అంటిపెట్టుకుని నెలల తరబడి బతికే పురుగుకు ఆ దెబ్బ తప్పదు. అందుకే ఉండాల్సిన పురుగు కనిపించకపోవడం కూడా సాక్ష్యమే.

దీనికి శాస్త్రరూపం ఇచ్చినవారు జర్మనీకి చెందిన కోల్క్‌విట్జ్, మార్సన్. మురుగు కలిసిన చోటు నుంచి నది తేరుకునే దాకా ఏ దశలో ఏ జీవులుంటాయో గమనించి, 1908లో మొక్కల జాబితాను, 1909లో జంతువుల జాబితాను ప్రకటించారు. అదే సాప్రోబిక్ పద్ధతి. జీవులను జాతి స్థాయిలో గుర్తుపట్టాల్సి రావడం దీనిలోని కష్టం. 1964లో ఇంగ్లండ్‌లోని ట్రెంట్ నది కోసం వుడివిస్ అనే ఆయన ఈ జీవుల ఆధారంగానే ఒక సూచీ ఇచ్చారు.

అసలు మలుపు 1976లో బ్రిటన్‌లో ఏర్పడిన నిపుణుల బృందంతో వచ్చింది. వారి బీఎండబ్ల్యూపీ పద్ధతిలో కుటుంబం తెలిస్తే చాలు. దిగువన వల పట్టుకుని, కాలితో అడుగును కెలికి, వలలో పడినవాటిని తెల్లటి పళ్లెంలో పోసి ఏరుతారు. ఆక్సిజన్ బాగా ఉంటేనే బతికే స్టోన్‌ఫ్లై పిల్లపురుగుల కుటుంబాల్లో చాలావాటికి 10 మార్కులు, తూనీగలకు 8, జలగల్లో చాలావాటికి 3. కుట్టని ఈగల కుటుంబమైన కైరోనమిడ్ పురుగులకు 2 మార్కులే. వీటిలో కొన్ని ఎర్రగా ఉంటాయి. ఆ ఎరుపు హిమోగ్లోబిన్‌ది. దాని బలంతోనే ఆక్సిజన్ అడుగంటిన బురదలోనూ బతుకుతాయి. మురుగులో గుంపులుగా పెరిగే ట్యూబిఫెక్స్ వర్గపు పురుగులకు 1.

దొరికిన కుటుంబాల మార్కులన్నీ కూడితే, ఎక్కువసేపు ఏరినకొద్దీ ఆ మొత్తం పెరిగే లోపం ఉండటంతో కుటుంబానికి సగటునూ లెక్కించసాగారు. కొండవాగునూ మైదానపు నదినీ ఒకే కొలతతో కొలవడం న్యాయం కాదు. ఆ చిక్కును రివ్‌ప్యాక్స్ అనే పద్ధతి తీర్చింది: కాలుష్యం లేకుంటే అక్కడ ఏ జీవులు ఉండాలో అంచనా కట్టి, దొరికినవాటితో పోల్చింది.

భారత్‌లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి బీఎండబ్ల్యూపీని మన నదులకు తగ్గట్టు మార్చుకుంది. జీవవైవిధ్యపు మార్కునూ జోడించి, నీటిని శుభ్రమైన ‘ఎ’ నుంచి తీవ్రంగా కలుషితమైన ‘ఇ’ వరకు అయిదు తరగతులుగా విభజిస్తుంది.